టైరు గాలి లైటు వెలిగితే ఏది మేలు: కంపెనీ సెన్సారా, ప్రోగ్రామింగ్ సెన్సారా, మూత సెన్సారా?

బెంగళూరులో ఉంటూ పండుగకూ పబ్బానికీ అనంతపురం, తిరుపతి, హైదరాబాదు వైపు కారులో వెళ్లే తెలుగువారికి, టైరులో గాలి తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరించే లైటు ఎక్కువగా ఎదురయ్యేది డిసెంబరు, జనవరి ఉదయాల్లోనే. టైరులోని గాలి ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీలు పడిపోతే ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి, మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండలో గాలి పట్టించిన టైరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో రెండు పీఎస్ఐకి పైగా తక్కువ చూపుతుంది. పంక్చరు లేని టైరు కూడా నెలకు 1 నుంచి 2 పీఎస్ఐ వరకు గాలి వదులుతుంది. అందువల్ల రెండు మూడు నెలలుగా గాలి చూపించని కారులో పొద్దున లైటు వెలగడం, కొంత దూరం నడిచి టైరు వేడెక్కాక ఆరిపోవడం మామూలే. ఇటువంటప్పుడు సెన్సారు మీద పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. డ్రైవరు తలుపు అంచున అతికించిన స్టిక్కరు మీది అంకె చూసుకొని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ మేరకు గాలి నింపితే సరిపోతుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడివారు గుర్తుంచుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గేజీ మీద 33 చూపిన టైరు, ఉష్ణోగ్రతలో మార్పు లేకపోతే, చెన్నైలో 31.5 దగ్గర చూపుతుంది. చెన్నైలో బయటి గాలి ఒత్తిడి ఎక్కువ కావడమే దానికి కారణం. టైరులోని గాలి ఎక్కడికీ పోలేదు.

సెన్సారు మార్చే ఆలోచన రావలసింది లైటు మరొక రకంగా వెలిగినప్పుడు. కారు స్టార్టు చేయగానే నిమిషమో నిమిషంన్నరో మిణుకుమిణుకుమని, ఆ తరువాత నిలకడగా వెలిగితే, చాలా కార్లలో దానికి అర్థం గాలిని కొలిచే వ్యవస్థలోనే లోపం ఉందని. ఒక సెన్సారు బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, లేదా సెన్సారు లేని స్టెప్నీ బిగించి ఉండవచ్చు. దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం తప్పు. 2020లో మన మోటారు వాహన నిబంధనలను సవరించినప్పుడు, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, గాలి హెచ్చరిక వ్యవస్థ ఉన్న 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. స్టెప్నీ లేని కారులో ఆ హెచ్చరిక కూడా పనిచేయకపోతే, రాత్రివేళ బాగేపల్లి దాటాక నెమ్మదిగా గాలి దిగిపోతున్న టైరు సంగతి మనకు తెలిసేసరికి టైరు పక్కగోడలు నలిగిపోయి ఉంటాయి.

ఖర్చుకు సిద్ధపడే ముందు, మన కారు చక్రాల్లో అసలు సెన్సార్లు ఉన్నాయో లేదో తెలుసుకోవాలి. కొన్ని కార్లలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) చక్రవేగాన్ని చూసే ఏర్పాటే గాలి తగ్గుదలను అంచనా వేస్తుంది: గాలి తగ్గిన చక్రం వ్యాసార్థం కొద్దిగా తగ్గి, మిగతా వాటికంటే వేగంగా తిరుగుతుంది. ఇటువంటి కారులో పీఎస్ఐ అంకెలు కనిపించవు, చక్రంలో మార్చడానికి ఏమీ ఉండదు. గాలి సరిచేసి రీసెట్ నొక్కడమే పని. గాలి తగ్గి ఉన్నప్పుడు రీసెట్ నొక్కితే మాత్రం ఆ తక్కువ గాలినే సరైనదిగా అది గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు టైర్లూ సమానంగా దిగితే ఇది పసిగట్టలేకపోవచ్చు కూడా.

చక్రం లోపల వాల్వుకు అంటిపెట్టుకొని సెన్సారు ఉన్న కార్లకే అసలు ఎంపిక. దాని బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. లోపల పోతపోసినట్టు మూసి ఉంటుంది కనుక బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. కంపెనీ సెన్సారు కొంటే సరిపోతుందో లేదో అన్న సందేహం ఉండదు, కానీ ధర ఎక్కువ. పైగా కొత్త సెన్సారు గుర్తింపు సంఖ్యను కారు కంప్యూటరుకు పరిచయం చేయాలి. కొన్ని కార్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి, కొన్నింటికి స్కానరు పెట్టాల్సిందే. ప్రోగ్రామింగ్ సెన్సారు ఖాళీ పలకలా వస్తుంది. టైరు షాపువారు తమ పరికరంతో పాత సెన్సారు సంఖ్యనే దానిలోకి ఎక్కిస్తే, కారుకు మార్పు తెలియదు, దానికి నేర్పే పని తప్పుతుంది. వారంటీ దాటిన కారుకు నేను దీనికే మొగ్గు చూపుతాను. అయితే పరికరం ఉండి దాన్ని వాడటం తెలిసిన షాపు దొరకాలి, సెన్సారు కారుకు సంకేతం పంపే ఫ్రీక్వెన్సీ కూడా సరిచూసుకోవాలి. మన దేశపు కార్లలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ సెన్సార్లు ఉంటాయి. అమెరికా కార్ల కోసం చేసిన 315 మెగాహెర్ట్జ్ సెన్సారును ఆన్‌లైన్‌లో చవకగా కొంటే డబ్బు దండగ.

వాల్వు మీద మూతలా బిగించే సెన్సార్లు మూడో దారి. టైరు విప్పనక్కరలేదు, నాణెం బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు, డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న తెరలో నాలుగు టైర్ల అంకెలూ కనిపిస్తాయి. గాలి హెచ్చరికే లేని పాత కారుకు ఇంతకంటే మంచి కొనుగోలు లేదు. కానీ సెన్సారు పాడైన కారుకు ఇవి తగిలిస్తే కారు సొంత లైటు ఆరదు, ఎందుకంటే ఆ రెండు వ్యవస్థలకూ సంబంధం లేదు. పొట్టి మూతను దొంగలు తిప్పుకుపోకుండా కింద ఒక నట్టు బిగిస్తారు. బంకులో గాలి పట్టించిన ప్రతిసారీ దాన్ని చిన్న స్పానరుతో వదులు చేయాలి, ఆ స్పానరు ఇంట్లో ఉండిపోతే గాలి పట్టించడం కుదరదు. పాతబడి పగుళ్లు పట్టిన రబ్బరు వాల్వు మీద ఈ బరువు వేయకూడదు. ముందు వాల్వు మార్పించాలి.

ఎప్పుడు మార్చాలన్నది కూడా ఎంపికంత ముఖ్యమే. ఏడెనిమిదేళ్ల కారులో ఒక సెన్సారు పోయిందంటే మిగతా మూడూ అదే వయసువి. టైర్లు ఎలాగూ అరిగి కొత్తవి వేయించే సమయం దగ్గర్లో ఉంటే, అప్పుడే నాలుగూ కలిపి మార్పిస్తే విప్పడం, బ్యాలెన్సింగ్ ఖర్చు ఒకేసారితో పోతుంది. అప్పటిదాకా ఒక మంచి గేజీ కొని పదిహేను రోజులకోసారి చూసుకోవడం మేలు. కారు మూడేళ్లదే అయి, ఒక్క సెన్సారు దెబ్బతిని పోయిందంటే ఆ ఒక్కటే మార్చాలి.

టైరు షాపులో కారు అప్పగించే ముందు, లోపల సెన్సార్లు ఉన్నాయని చెప్పి తీరాలి. యంత్రంతో టైరు అంచును రిమ్ము నుంచి నెట్టేటప్పుడు వాల్వు దగ్గర ఒత్తితే సెన్సారు విరిగిపోతుంది. పంక్చరు రాకుండా పోసే జిగురు ద్రవం సెన్సారు రంధ్రాన్ని మూసేయగలదు కాబట్టి దాన్ని వద్దనాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన సెన్సారు నుంచి గుర్తింపు సంఖ్యను షాపు పరికరం చదవలేకపోతుంది. కానీ ఆ సంఖ్య సాధారణంగా సెన్సారు ఒంటి మీద ముద్రించి ఉంటుంది, కాబట్టి టైరు విప్పగానే పాతదాన్ని పారేయనివ్వకుండా, తుడిచి, సంఖ్య స్పష్టంగా పడేలా ఫోనులో ఫొటో తీయించుకోవాలి.