లండన్ సీజనా, పల్లె బంగళానా: సరదా రీజెన్సీ నవల ఏది ముందు చదవాలి?

మూడో జార్జ్‌కు మతి చలించడంతో కొడుకు రాజప్రతినిధిగా ఏలిన 1811–1820 నాటి ఇంగ్లండే రీజెన్సీ. ఆ కాలపు సరదా ప్రేమ నవలలు ఎక్కువగా రెండు చోట్లే నడుస్తాయి: గొప్పింటివాళ్లు విందులకూ పెళ్లి సంబంధాలకూ లండన్‌లో చేరే నెలల్లో (అదే లండన్ సీజన్), లేదా అతిథులు దిగిన పల్లెటూరి బంగళాలో.

లండన్ సీజన్ కథలో నవ్వంతా కట్టుబాట్లలోంచే పుడుతుంది. ఆల్మాక్స్ అనే లండన్ క్లబ్బులో బుధవారం రాత్రి డాన్సులకు వెళ్లాలంటే గొప్పింటి ఆడవాళ్ల కమిటీ ఇచ్చే వోచర్ ఉండాలి, డబ్బొక్కటే చాలదు. తీరా వెళ్తే తినడానికి పల్చటి బ్రెడ్డూ వెన్నా, తాగడానికి టీ, నిమ్మరసం. పెళ్లి కుదరని అమ్మాయి ఒకే అబ్బాయితో రెండుసార్లకు మించి డాన్స్ చేస్తే హాలంతా పెళ్లి గుసగుసలే. ఈ లెక్క తెలియకపోతే మూడో డాన్స్ దగ్గర అసలు సరదా జారిపోతుంది. బిరుదులూ తికమక పెడతాయి: ఒకే మనిషిని ఇంట్లో ఒక పేరుతో, సభలో ఇంకో పేరుతో పిలుస్తారు. అందుకే మొదటి మూడు అధ్యాయాల వరకు ఎవరు ఎవరో ఒక చీటీ మీద రాసుకోండి, ఆ తర్వాత దాని అవసరం ఉండదు.

పల్లె బంగళా కథలో ఈ బాధ తక్కువ. పదిమంది అతిథులు, వాన, పేకాట. అయితే సంభాషణల్లో చురుకు లేకపోతే నడిమి భాగం సాగుతుంది. అయినా కొత్త పాఠకులు దీంతోనే మొదలుపెట్టడం మేలు.