పాయింట్ 22 ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదంటే నమ్మబాకండి, నాకు 21,500 పోయినయ్యి

తిట్టేవాళ్ళు తిట్టుకోండి, ఇందులో నా తప్పు కూడా ఉంది. ఫోన్లో ఈ గన్నులమ్మే వీడియోలు చూసి మా పక్క రైతులు ఇంకో ఇద్దరు అడ్వాన్సు కట్టారని పోయిన వారం తెలిసింది. అందుకే సిగ్గు విడిచి రాస్తుండా.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నాలుగెకరాల రొయ్యల గుంటలు, వాటి పక్కనే మూడెకరాల వరి కయ్యలు. ఈ రెంటికీ మధ్య గట్టు నిండా పందికొక్కులే. గుంటలు లేనివాళ్ళకి ఈ బాధ తెలియదు. గట్టుకి బొక్క పడితే నీళ్ళు పోవడం ఒక్కటే కాదు, కాలవలో పీతలు ఆ బొక్కలోంచి లోపలికొస్తాయి. పీతలొచ్చాయంటే వైట్‌స్పాట్ భయం, రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం అది. అరవై రోజుల వనామీ రొయ్య ఉండగా ఒక తెల్లారి పోయి చూస్తే గుంటలో నీళ్ళు జానెడు దిగిపోయి ఉండాయి. కయ్యల్లో సంగతి సరేసరి, పొట్టకొచ్చిన పిలకల్ని ఏటవాలుగా, కొడవలి పెట్టి కోసినట్టు కోసి పడేసినయ్యి. ఆ కోపంలో ఉన్నోడికి ఏ మందు చూపించినా కొంటాడు. నేను తుపాకీ కొన్నా.

ఫోన్లో వీడియో చూశా. ఒకాయన మామిడితోటలో నిలబడి, భుజానికి రైఫిల్ ఆనించి కొబ్బరికాయ కొడతాడు, అది పగిలి నీళ్ళు చిమ్ముతాయి. కింద ‘పాయింట్ 22 రైఫిల్, పందికొక్కులకి, ఉడుతలకి, కోతులకి, లైసెన్స్ అక్కర్లేదు’ అని రాసుంది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడాడు, బో మర్యాదగా. ‘ఆధార్ కార్డు ఫొటో పంపండి చాలు సార్, పోలీసోళ్ళు కూడా మన దగ్గరే తీసుకుంటుండారు’ అన్నాడు. స్కోపుతో, రెండు డబ్బాల పెల్లెట్లతో (చిన్న సీసపు గుళ్ళు) 21,500. అయిదు వేలు ముందు, మిగతాది పార్సిల్ బస్సెక్కిన ఫొటో పంపాక. ఫొటో వచ్చింది, మిగతా డబ్బులు పంపించా.

నెల్లూరులో ట్రావెల్స్ ఆఫీసుకి పోయి తెచ్చుకున్నా. అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో ‘జిమ్ సామాను’ అని రాసుంది. అప్పుడే అనుమానం రావాల. లైసెన్స్ అక్కర్లేని వస్తువుని జిమ్ సామానని ఎందుకు పంపుతాడు? లోపల బిల్లని ఒక కాగితం. ‘స్పోర్ట్స్ గూడ్స్ – 1’ అని తప్ప గన్ను నంబరు లేదు, కొట్టు పేరు లేదు, జీఎస్‌టీ నంబరు లేదు.

మూడు రాత్రులు కాపలా కాశా. తలకి టార్చి కట్టుకుని, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, దోమలు పీకతా ఉంటే. మూడు రాత్రులకీ కలిపి ఒకటే పందికొక్కు. అదీ ముడ్డికి తగిలి, కీచుమంటా బొక్కలోకి పోయి, నాలుగోనాడు కంపు కొట్టింది. మూడో రాత్రి తూము దగ్గర ఒకటి కనిపిస్తే కొట్టా. గురి తప్పి పెల్లెట్ తూము సిమెంటుకి తగిలింది. ఠంగుమని శబ్దం. అటుపక్క ఇరవై అడుగుల దూరంలో మేత కొట్టే పిల్లోడు నీలం డ్రమ్ముకి ఆనుకుని పడుకునుండాడు. వాడు లేచి ‘అన్నా, నీళ్ళు కారతుండాయే’ అన్నాడు. టార్చి వేసి చూస్తే, వాడి చెవి ఉన్న చోటికి మూరెడు పైన డ్రమ్ముకి చిల్లు. సన్నగా దారంలాగా నీళ్ళు కారతా ఉన్నాయి. ఆ పూట నేను అన్నం తినలా.

రెండు రోజులకి మా పెద్దబావ వచ్చాడు. ఏపీఎస్పీ పోలీసు బెటాలియన్లో చేసి రిటైరైనోడు. జరిగింది చెప్తే ఏమీ అనకుండా రైఫిల్ చేతికి తీసుకుని మధ్యకి విరిచి, గొట్టం మొదట్లో వేలితో తడిమాడు. అక్కడ నల్లటి స్టిక్కరు మీద తెల్లక్షరాలతో ‘.177’ అని ఉంది, అంటే గొట్టం 4.5 మిల్లీమీటర్లని. మూడు రాత్రుల చెమటకి దాని అంచు లేచుంది. గోరు పెట్టి పీకాడు. దాని కింద ఇనుములో కొట్టిన అసలు అంకె, 5.5.

‘మా వాడి దగ్గర 4.5 పెల్లెట్లు ఉండాయి కదా, ఒకటి తే’ అన్నాడు. వాళ్ళబ్బాయి కాలేజీలో షూటింగ్ ఆడేవాడు, వాడి డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒకటి తెచ్చిస్తే గొట్టంలో వేశాడు. అది ఎక్కడా ఆగకుండా జారి, అటు చివర నుంచి నా కాలి మీద పడింది.

‘రేయ్, ఇది పాయింట్ 22. దీనికి లైసెన్స్ కావాల. స్టేషనోళ్ళు చూస్తే నీకు పందికొక్కులు కాదు, కోర్టు వాయిదాలు మిగుల్తాయి’ అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పింది, తర్వాత వకీలు చెప్పింది కలిపి రాస్తుండా, జాగ్రత్తగా చదవండి. మన దేశంలో ఎయిర్ రైఫిల్ లైసెన్స్ లేకుండా పెట్టుకోవాలంటే రెండు షరతులూ ఒకేసారి కుదరాల. గొట్టం లోపలి కొలత .177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. పెల్లెట్ శక్తి 20 జూళ్ళు దాటకూడదు. 2016 ఆయుధాల నిబంధనల్లో ఉన్నది ఇదే. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావాల. పాయింట్ 22 అంటే 5.5 మిల్లీమీటర్లు. అంటే ఆ ఒక్క అంకెతోనే కథ అయిపోయింది, శక్తి లెక్క దాకా పోనక్కర్లేదు.

అయినా లెక్క కూడా చూపిస్తా, ఎందుకంటే ఈ అమ్మేవాళ్ళు వాళ్ళ గొప్పలతోనే దొరికిపోతారు. వీడియోలో వాడే ‘సెకనుకి 1200 అడుగుల వేగం’ అన్నాడు. 5.5 పెల్లెట్ దాదాపు 0.9 గ్రాముల బరువుంటుంది. అది నిజంగా 1200 అడుగుల వేగంతో పోతే 60 జూళ్ళు. హద్దుకి మూడింతలు. అంటే వాడు చెప్పింది నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. 4.5 రైఫిళ్ళకి కూడా ఈ లెక్క పనికొస్తుంది. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 930 అడుగులు దాటిందంటే 20 జూళ్ళు దాటినట్టే. ‘4.5, 1000 అడుగుల పైన వేగం, లైసెన్స్ అక్కర్లేదు’ అని ఎవడన్నా రాస్తే రెండుసార్లు ఆలోచించండి.

నేను కోపంతో ఆ నంబరుకి ఫోన్ చేశా. నా ఖర్మ. వాడు కొంచెం కూడా తడబడలా. ‘అయితే సార్, అది పక్కన పెట్టండి, మీకు అసలైన పాయింట్ 22 ఇస్తాం. తూటాలది, బోల్ట్ యాక్షన్. 65 వేలు, కాగితాలు మేమే చూసుకుంటాం’ అన్నాడు. బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పేరు ఒకటే గానీ ఇవి రెండూ వేరే వస్తువులు. ఎయిర్ రైఫిల్ పాయింట్ 22 అంటే గాలితో పోయే సీసపు పెల్లెట్. పాయింట్ 22 రిమ్‌ఫైర్ అంటే మందు దట్టించిన ఇత్తడి తూటా. చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా లేని ఆ తూటా అడుగున సన్నటి అంచు ఉంటుంది, దాని లోపలే నిప్పంటుకునే మందు పూసుంటుంది. తుపాకీ లోపలి సూది తూటా నడిమికి కాకుండా ఆ అంచుకి కొడుతుంది, అందుకే ఆ పేరు. మామూలు ఎల్.ఆర్. (లాంగ్ రైఫిల్) రకం తూటాలో గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. శక్తి 140 జూళ్ళ నుంచి పైకి. చిన్నదని తేలిగ్గా చూస్తారు గానీ, యాభై తూటాల పెట్టె మీద ఒకటిన్నర మైలు దాకా ప్రమాదమని రాసుంటుంది. అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. మా గట్టు మీద నుంచి రెండున్నర కిలోమీటర్లు గీత గీస్తే రెండు పల్లెలు, ఒక బడి, ఎవరెవరివో గుంటలు వస్తాయి. మెత్తటి సీసం గుండు నీటి మీదా, సిమెంటు మీదా వాలుగా తగిలితే ఎగిరి ఏ దిక్కుకి పోతుందో కొట్టినోడికే తెలియదు. నా డ్రమ్ము సంగతి పెల్లెట్‌తోనే అట్టా అయ్యింది.

పైగా అది అసలు సిసలు తుపాకీ. లైసెన్స్ లేకుండా కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా ఆయుధాల చట్టం కింద జైలే. ‘కాగితాలు మేమే చూసుకుంటాం’ అనేవాడు మీకు దొంగ కాగితం ఇస్తాడు, అది ఇంకో కేసు. నిజమైన లైసెన్స్ తుపాకీకి గుర్తింపు నంబరు ఉంటుంది, లైసెన్సుకి ఉంటుంది, డీలరు అమ్మినప్పుడల్లా తూటాల లెక్క రాస్తాడు. బస్సు పార్సిల్లో జిమ్ సామానుగా రాదు.

‘పంట కాపాడుకోడానికి లైసెన్స్ ఇస్తారు కదా’ అని మా ఊళ్ళోనే నలుగురు అన్నారు. ఇస్తారు, కానీ దేనికి? 1959 చట్టం పదమూడో సెక్షన్లో పంట రక్షణకి రాసింది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని లైసెన్స్ ఇచ్చే అధికారికి అనిపిస్తే ఇంకో నునుపు గొట్టం తుపాకీ. పాయింట్ 22 రైఫిల్ అందులో లేదు, అది ఎక్కువగా రైఫిల్ క్లబ్బుల్లో గురి సాధనకి ఇచ్చేది. ఏదైనా కావాలంటే కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకోవాల్సిందే, దగ్గర దారి లేదు.

ఇంకో సంగతి. ఎలుకలూ పందికొక్కులూ చంపితే అటవీ శాఖోళ్ళు ఏమీ అనరు, అది నిజమే. కానీ చేతికి గన్ను రాగానే నీటికాకుల్నీ, కొంగల్నీ, కుందేళ్ళనీ కొట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది, అబద్ధం చెప్పను. నీటికాకి గుంటలో దిగితే రొయ్యకి ధర ఉన్న రోజుల్లో కడుపు మండుతుంది. కానీ అవన్నీ 1972 వన్యప్రాణి చట్టం కాపాడేవే. నెమలి అయితే మొదటి షెడ్యూలు, మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా శిక్ష. ఉదయగిరి వైపు మా చిన్నాన్న కొడుకు అడవిపందులకి ఇదే కొందామనుకున్నాడు. నాయనా, పెల్లెట్ తగిలిన పంది చావదు, నీ మీదకొస్తుంది. దానికి అటవీ శాఖ అనుమతి లేకుండా తుపాకీ ఎత్తితే అదొక కేసు.

నా రైఫిల్ సంగతి. మళ్ళీ అమ్మేద్దామని ఒక్క రోజు అనుకున్నా. బావ కళ్ళెర్ర చేశాడు, ‘నీ తద్దినం ఇంకోడికి పెడతావా’ అని. వకీలు దగ్గరికి పోయి, జరిగింది జరిగినట్టు రాయించుకుని, బిల్లు కాగితం, డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్లు, వాడి నంబర్లు అన్నీ పెట్టుకుని, వకీలుతో కలిసి స్టేషన్లో అప్పజెప్పి, అందినట్టు సంతకం తీసుకున్నా. ఎస్సై ఆ బిల్లుని తిరగేసి మరగేసి చూసి ‘దీన్ని బిల్లంటారా సార్?’ అన్నాడు. నాకు చెప్పడానికి ఏమీ లేదు. మీ చేతిలో ఇట్టాంటిది ఉంటే మీరూ ముందు వకీలునే కలవండి, ఒక్కరే సంచిలో వేసుకుని పోబాకండి. డబ్బులు ఇప్పుడే పంపుంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే ఆగే అవకాశం ఉంటుంది, నాలాగా నెల తర్వాత చేస్తే ఆ ఖాతాలో రూపాయి ఉండదు.

ఇక పందికొక్కులు. అవి ఉన్నాయి కదా ఇంకా. మా నాయన మొదటి రోజే చెప్పాడు, పందికొక్కులు పట్టే యానాదులను పిలవమని. నేను వినలా. ఈసారి పిలిచా. నలుగురొచ్చారు, అడుగున చిల్లున్న కుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి, బొక్కకి ఆనించి ఊదారు. ఒక బొక్కలో పొగ పెడితే గట్టు అటుపక్క మూడు చోట్ల పొగ లేచింది, మేం చూడని బొక్కలు. వాటి దగ్గర ఇద్దరు చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఒక పొద్దులో పద్దెనిమిది. నేను మూడు రాత్రుల్లో ఒకటి.

మిగిలినవాటికి బ్రోమాడయోలోన్ అనే ఎలకల మందు. మొదటి రోజు సాయంత్రం బొక్కలన్నీ మట్టితో మూసేశాం. పొద్దున తెరుచుకున్నవి మాత్రమే లెక్క, వాటిలోనే పెట్టాం. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు, కలిపి కాగితం పొట్లాల్లో పదిహేను గ్రాముల చొప్పున. పొట్లాలు బొక్క లోపలికి తోయండి, పైన వదిలితే కోళ్ళూ కుక్కలూ తింటాయి. మందు గుంటలో మాత్రం పడనీయబాకండి.

నిన్న రాత్రి అదే మామిడితోట వీడియో మళ్ళీ వచ్చింది. పేరు వేరే, నంబరు వేరే, కొబ్బరికాయ మాత్రం అదే. ధర 19,999కి దించాడు.