జిగ్గరా, డిజిటల్ కాటానా?

ఇంట్లో కాక్‌టెయిల్ కలిపేటప్పుడు రుచి తేడా కొట్టేది ఎక్కువగా కొలత దగ్గరే. డైకిరీనే తీసుకోండి: 60 మి.లీ. రమ్, 30 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. షుగర్ సిరప్. రమ్ 5 మి.లీ. ఎక్కువ పడినా అంతగా తెలియదు. నిమ్మరసం అంతే ఎక్కువైతే మాత్రం పులుపు నాలుకను పట్టేస్తుంది. కాబట్టి తక్కువ మోతాదులో పడేవాటి మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

గ్లాసు గ్లాసుకూ కలిపేటప్పుడు నా ఓటు జిగ్గర్‌కే, అంటే ద్రవాలు కొలిచే చిన్న కప్పుకే. పని చకచకా అయిపోతుంది, లెక్కలు అక్కర్లేదు. కాకపోతే నోరు 5 సెం.మీ. వెడల్పున్న జిగ్గర్‌లో అంచుకు ఒక్క మిల్లీమీటరు తగ్గించి పోసినా దాదాపు 2 మి.లీ. పోయినట్టే. సన్నగా, పొడుగ్గా, లోపల గీతలున్నది కొనుక్కోండి.

కాటా చూపేది బరువు, రెసిపీలో రాసేది మిల్లీలీటర్లు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ 60 మి.లీ. సుమారు 57 గ్రాములే తూగుతుంది. చక్కెర, నీళ్లు సమంగా తూచి కలిపిన సిరప్ 20 మి.లీ. అయితే దాదాపు 25 గ్రాములు. ఈ సంగతి మరిచి 20 గ్రాములే పోస్తే తీపి తగ్గిపోతుంది. ఇక బిట్టర్స్ (రుచి కోసం కొద్దిగా వేసే ఘాటైన చేదు ద్రవం) చుక్కలను ఒక్కో గ్రాము చొప్పున మాత్రమే చూపే కాటా సరిగా పట్టుకోలేదు.

సిరప్ చేసేటప్పుడు మాత్రం కాటా ఉండాల్సిందే. చక్కెర పలుకుల మధ్య గాలి ఉంటుంది, అందుకే కప్పు చక్కెర కప్పు నీళ్లకంటే తేలిక. రెండింటినీ తూచి కలిపితే సిరప్ ఎన్నిసార్లు చేసినా ఒకే తీపి వస్తుంది.