మోరిస్ మైనర్ లివర్ షాకబ్జర్లకు 20 నంబరు ఫోర్క్ ఆయిల్ ఎంతవరకు పనికొస్తుంది?

మోటుల్ ఫోర్క్ ఆయిల్ ఎక్స్‌పర్ట్ 20డబ్ల్యూ హెవీ నిజానికి బైకుల ముందు ఫోర్కుల కోసం తయారైంది. మన ఊళ్లో ఇంకా తిరుగుతున్న మోరిస్ మైనర్లకు కూడా ఇది బాగా సరిపోతుంది. ఆ బండికి ముందూ వెనకా ఉండేవి ఆర్మ్‌స్ట్రాంగ్ లివర్ షాకబ్జర్లు, అంటే నూనె నిండిన డబ్బా నుంచి బయటికొచ్చిన లివర్ చేయి ఊగుతూ కుదుపును అణిచేవి. వాటికి కంపెనీ చెప్పింది ఆర్మ్‌స్ట్రాంగ్ 624 నూనె, అది లేనిచోట ఎస్ఏఈ 20 (చిక్కదనం గ్రేడు) మినరల్ ఆయిల్. ఈ డబ్బా చిక్కదనంలో ఆ రెండోదానికి దగ్గరగా ఉంటుంది.

కొనేముందు ఒక సంగతి. ఫోర్క్ ఆయిళ్లలో 20 అనే అంకె కంపెనీ కంపెనీకీ మారుతుంది. చూడాల్సింది డేటా షీటులో 40 డిగ్రీల దగ్గర రాసిన సెంటీస్టోక్సు, అంటే చిక్కదనం కొలత. 68కి అటూ ఇటూగా ఉంటే చాలు. ఐఎస్ఓ 68 హైడ్రాలిక్ ఆయిల్ చిక్కదనం కూడా అంతే, కాబట్టి ఖర్చు తగ్గాలంటే అదీ పోయవచ్చు. ఒకే ఇరుసుకు కుడివైపు ఒక నూనె, ఎడమవైపు ఇంకో నూనె మాత్రం వద్దు.

చాలా షెడ్లలో 90 గేర్ ఆయిల్ పోసేస్తారు. మొదటి వారం బండి గట్టిగా, కొత్తదానిలా అనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. అంత చిక్కటి నూనె వాల్వు గుండా త్వరగా పోలేదు. స్పీడ్ బ్రేకర్ దెబ్బంతా లివర్ చేయి మీద, షాఫ్టు మీద, బిగింపు బోల్టుల మీద పడుతుంది, చివరికి సీలు దగ్గర నూనె చిమ్ముతుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె) పోస్తే దానికి వ్యతిరేకం: పల్చన ఎక్కువై బండి ఊగుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ జోలికి అసలు పోవద్దు, మినరల్ నూనె కోసం చేసిన సీళ్లను అది ఉబ్బించి పాడుచేస్తుంది.

వెనక షాకబ్జర్ల పని సులువు. ఫిల్లర్ ప్లగ్ చుట్టూ మట్టిని వైర్ బ్రష్షుతో, కిరసనాయిలుతో శుభ్రం చేశాకే పానా పెట్టాలి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి జారినా వాల్వు సరిగా కూర్చోదు. లింకు విప్పి, 50 మిల్లీలీటర్ల సిరంజికి సన్నటి గొట్టం తగిలించి కొద్దికొద్దిగా పోస్తూ, చేతిని ఈ కొస నుంచి ఆ కొస దాకా పది పదిహేనుసార్లు నిదానంగా ఆడించాలి. బుడగలు ఆగేదాకా ఆడించాల్సిందే. మట్టం ప్లగ్ రంధ్రం కింది అంచు దాటకూడదు. మన మే నెల ఎండకు నూనె వ్యాకోచిస్తుంది, పైన ఖాళీ లేకపోతే షాఫ్టు సీలు దగ్గర దారి చూసుకుంటుంది.

ముందువి అలా కాదు. అక్కడ షాకబ్జర్ చేయే సస్పెన్షన్ పై లింకు. కింది చేతికి జాకీ ఆనించకుండా బోల్టులు విప్పితే టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బిగువుకు మొత్తం కిందికి తన్నుతుంది, ప్రాణాపాయం. విప్పి తీశాక బండిలో ఎలా నిలబడిందో అలాగే వైసులో బిగించి నింపాలి. పక్కకు పడుకోబెడితే గాలి వాల్వు గదిలోకి చేరుతుంది, ఆడించే పని మళ్లీ మొదటికొస్తుంది.

చేయి ఆడించేటప్పుడు దొరికే సమాచారం చాలా విలువైనది. దిశ మారేచోట కొంచెం దూరం ఉత్తినే తిరిగితే గాలి ఉన్నట్టు, లేదా నూనె తక్కువైనట్టు. బుడగలు పోయినా ఒక దిశలో బిగువు రాకపోతే వాల్వులో చెత్త ఉంది. వాల్వు నట్టు విప్పి, స్ప్రింగుల వరస గుర్తుపెట్టుకుని కడిగి, కొత్త రాగి వాషరుతో బిగించాలి. గట్టిదనం కోసం స్ప్రింగు కింద అదనపు వాషర్లు వేసే మెకానిక్‌కు బండి ఇవ్వొద్దు. పాత నూనెలో వెండి మెరుపు కనబడితే లోపల లోహం అరుగుతోంది.

చేయి పక్కలకు కదిలితే మాత్రం ఏ నూనె పోసినా దండగే. షాఫ్టు తిరిగే గొట్టం, అంటే బుష్, అరిగిపోయింది, పోసింది పోసినట్టే కారుతుంది. అప్పుడు చేతి స్థానం గీత పెట్టుకుని, ప్రెస్సు మీద ఊడదీసి, కొత్త బుష్ కొట్టించి, లిప్ సీలు వేయించాలి. షాఫ్టును వెర్నియర్‌తో కొలిచి తీసుకెళ్తే సీళ్లు, రాగి వాషర్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చూడవచ్చు. బుష్ పని లేత్ మీద నిదానంగా చేసేవాళ్లకే ఇవ్వాలి.

ప్రీమియర్ పద్మినీ కార్ల వాళ్లు ఈ డబ్బా కొనక్కర్లేదు. వాటివి సీలు చేసిన టెలిస్కోపిక్ షాకబ్జర్లు. రంధ్రం వేసి నూనె పోసి వెల్డింగ్ కొట్టించే రిపేరులో ఆ వేడికి సీలు మాడుతుంది, వెల్డింగ్ రవ్వలు లోపల పడతాయి. గ్యాస్ రకమైతే ఒత్తిడి వల్ల రంధ్రం వేయడమే ప్రమాదం. కొత్తవి జతగా వేయించుకోవాలి.

మైనరుకు టాపప్ వరకే అయితే లీటరు డబ్బా నాలుగింటికీ పోసినా మిగులుతుంది. కడిగి నింపాలంటే రెండు తెచ్చుకోవడం మేలు. నింపాక షాఫ్టు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వేలుపెట్టి చూడండి. తడి తగిలితే ఆ షాకబ్జర్‌కు బుష్ పని వచ్చినట్టే.