అమ్మానాన్నలకి ఆస్ట్రేలియా పీఆర్ 18 నెలల్లో అంటున్నారా, డబ్బులు కట్టేముందు ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అటు అమలాపురం వైపు ఎవరికైనా పిల్లలు ఆస్ట్రేలియాలో ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదవండి, మీకు అక్కర్లేకపోతే అక్కర ఉన్నవాళ్ళకి పంపండి. సంక్రాంతికి ఎన్నారైలు దిగుతారు కదండీ, సరిగ్గా ఆ టైంకి సెంటర్లో ఫ్లెక్సీలు కట్టేశారు, "మీ తల్లిదండ్రులకు ఆస్ట్రేలియా పీఆర్, 18 నెలల్లో గ్యారంటీ" అని. పీఆర్ అంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి. ఆ ఫ్లెక్సీ చూసి మా నాన్నగారు భీమవరంలో ఒక కన్సల్టెన్సీకి కట్టింది అక్షరాలా నాలుగు లక్షల అరవై వేలు. చెరువు లీజు డబ్బులండి అవి. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ రాయట్లేదు, అయినా పేరు కంటే వాళ్ళ పద్ధతి తెలియడం ముఖ్యం, రేపు బోర్డు మార్చి ఇంకో పేరుతో కూర్చోడానికి ఎంతసేపు.

మా అక్కావాళ్ళు మెల్‌బోర్న్‌లో ఉంటారు, సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది. నేను పాలకొల్లులోనే. అక్కకి అమ్మానాన్నల్ని తెచ్చుకుని పెట్టుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. ఆ ఏజెంటు కుర్రాడు చాలా మర్యాదస్తుడిలా ఉంటాడు, లోపలికి అడుగుపెట్టగానే "రండి బాబాయ్ గారూ, కూర్చోండి పిన్ని గారూ, మీదే ఊరండి, ఎవరి తాలూకండి" అని మొదలెట్టి పది నిమిషాల్లో మనకి ఏదో చుట్టరికం తేల్చేస్తాడు. కాఫీ వచ్చేస్తుంది. ఆ తర్వాత "143 కేటగిరీలో మా మెల్‌బోర్న్ ఆఫీసుకి ప్రయారిటీ స్లాట్లు ఉన్నాయి బాబాయ్ గారూ, ఇంక నాలుగే మిగిలాయి" అంటాడు.

ఇక్కడ ఆగండి. 143 అనేది నిజంగానే ఉన్న వీసా, కంట్రిబ్యూటరీ పేరెంట్ అంటారు, ఎక్కువ ఫీజు కట్టి తల్లిదండ్రులు పీఆర్ తెచ్చుకునేది. కానీ అందులో ప్రయారిటీ స్లాటు అనేది ఎవడూ అమ్మలేడు. 2024-25లో ఆ దేశం పేరెంట్ వీసాలన్నిటికీ కలిపి పెట్టిన సీట్లే 8,500. ఇవాళ కొత్తగా ఫైల్ పెడితే 143కి పధ్నాలుగు పదిహేనేళ్ళు పడుతుందని అక్కడ వీసాలిచ్చే హోమ్ అఫైర్స్ డిపార్ట్‌మెంటే వెబ్‌సైట్లో రాసి పెట్టింది. తక్కువ ఫీజు ఉండే మామూలు పేరెంట్ వీసా 103 అయితే ముప్పై ఏళ్ళ పైమాటే. మా నాన్నగారికి ఇప్పుడు 63. 18 నెలలు ఎక్కడ, పదిహేనేళ్ళు ఎక్కడ.

ఇప్పుడు ఆ నాలుగు లక్షల అరవై వేలు దేనికి తీసుకున్నారో చెప్తాను, అసలు కిటుకంతా అందులోనే ఉంది. లక్షన్నర సర్వీస్ ఛార్జీ, యాభై వేలు ప్రయారిటీ, అరవై వేలు మెడికల్ ప్లస్ పోలీస్ క్లియరెన్స్, రెండు లక్షలు "బాండ్ అడ్వాన్స్".

బాండ్ అనేది కూడా ఉన్న మాటే. అష్యూరెన్స్ ఆఫ్ సపోర్ట్ అంటారు, తల్లిదండ్రులు అక్కడి ప్రభుత్వ సాయం మీద ఆధారపడరని ఇచ్చే హామీ, 143కి మొదటి మనిషికి 10 వేల డాలర్లు, రెండో మనిషికి 4 వేలు, పదేళ్ళు అక్కడి బ్యాంకులో గ్యారంటీగా ఉంచాలి. కానీ అది ఫైల్ చివరికి వచ్చాక డిపార్ట్‌మెంట్ అడిగితే అక్కడున్న పిల్లలు అక్కడే చేయాల్సిన పని, భీమవరంలో కూర్చున్నవాడికి ఆ డబ్బుతో సంబంధమే లేదు. మాకిచ్చిన రసీదు చూడండి, కార్బన్ పెట్టి రాసిన పుస్తకంలోంచి చింపి ఇచ్చాడు, సర్వీస్ ఛార్జీకి సర్వీస్ ఛార్జీ అనే రాశాడు, ఆ రెండు లక్షల దగ్గర మాత్రం "ఇతరములు" అని రాసి పక్కన పొట్టి సంతకం. బాండ్ అనే మాట కాగితం మీద ఎక్కడా లేదు.

మెడికల్ సంగతి ఇంకా ఘోరం. ఆస్ట్రేలియా వీసాకి మెడికల్ అంటే వాళ్ళ లిస్టులో ఉన్న ప్యానెల్ డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, దానికి హ్యాప్ ఐడీ అని ఒక నంబరు ఉంటుంది. వీళ్ళు అమ్మానాన్నల్ని అక్కడే పక్క వీధిలో ల్యాబుకి పంపి షుగరు, ఎక్స్‌రే తీయించి రిపోర్టులు ఫైల్లో పెట్టారు. పోనీ నిజం డాక్టరే చేశాడనుకుందాం, మెడికల్, పోలీస్ క్లియరెన్స్ మామూలుగా ఏడాదే చెల్లుతాయి, పదిహేనేళ్ళ క్యూలో నిలబడేవాడికి ఇవాళ తీసిన ఎక్స్‌రే ఎందుకండి? అందుకే అవి మన వంతు దగ్గరికి వచ్చాకే అడుగుతారు. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవాలో ఫీజు మనిషికి 500, వీళ్ళు తీసుకున్నది చెరో పదిహేను వేలు.

గుట్టు బయటపడింది ఎలాగంటే, అమ్మ వీడియో కాల్లో "ఫైల్ వెళ్ళిపోయిందంటమ్మా" అని సంబరంగా చెప్తే అక్క ఒక్కటే మాట అడిగింది, "నా సంతకం లేకుండా ఎలా వెళ్ళింది?" అని. 143కి తల్లిదండ్రులు నింపే ఫారం 47పీఏతో పాటు పిల్లలు స్పాన్సర్‌గా సంతకం పెట్టే ఫారం 40 ఉండాలి. అక్కని ఎవరూ ఏ సంతకమూ అడగలేదు. డిపార్ట్‌మెంట్ పంపిన అక్నాలెడ్జ్‌మెంట్ లెటర్ పంపమని పట్టుబడితే, నాలుగు రోజులు సర్వర్ డౌన్ అని తిప్పి తిప్పి చివరికి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పెట్టాడు. తెరిచి చూస్తే సబ్‌క్లాస్ 600. అంటే విజిటర్ వీసా! అది కూడా వాడి మెయిల్ ఐడీతో పెట్టింది, లెటర్లన్నీ వాడికే వెళ్తాయి.

ఏంటండీ ఇది అని నేనూ నాన్నగారూ వెళ్తే వాడు ఏమాత్రం తడుముకోలేదు. "ఆయ్, అదే కదండీ మా ప్లాను, ముందు విజిటర్ మీద పంపించేసి అక్కడ 804 వేయిస్తాం, బ్రిడ్జింగ్ వీసా మీద అక్కడే ఉండిపోవచ్చు" అన్నాడు. బ్రిడ్జింగ్ వీసా అంటే ఫైల్ తేలేదాకా అక్కడ ఉండనిచ్చేది. 804 అంటే ఏజ్డ్ పేరెంట్, అది ఆ దేశంలో ఉండే వేయాలన్నది నిజమే, కానీ వయసు 67 నిండాలి, పైగా విజిటర్ వీసా మీద 8503 అనే కండిషన్ పడితే అక్కడ ఉండి అప్లై చేయడానికే కుదరదు. 67 ఎక్కడుందయ్యా అని అడిగితే గొంతు తగ్గించి, "ఆధార్‌లో డేట్ ఆఫ్ బర్త్ మార్పించేద్దాం బాబాయ్ గారూ, పాస్‌పోర్ట్ దాన్నిబట్టి మారిపోద్ది, అప్పట్లో పుట్టినవాళ్ళకి బర్త్ సర్టిఫికెట్లు ఎవరికున్నాయండి" అన్నాడు. అక్కడే నాన్నగారు లేచి నిలబడ్డారు. ఇది తెలుసుకోండి, తప్పుడు కాగితం దొరికితే మూడేళ్ళు వీసా ఇవ్వరు, మనిషి గుర్తింపు విషయంలోనే మోసం అని తేలితే పదేళ్ళు. ఆ దెబ్బ పడేది అమ్మానాన్నల మీద, వాడి మీద కాదు.

వాడి గోడకి ఒక ఎంఏఆర్ఎన్ నంబరు ఫ్రేమ్ కట్టి ఉంది, ఆస్ట్రేలియా మైగ్రేషన్ ఏజెంట్లకి ఇచ్చే ఏడంకెల నంబరు అది. అక్క ఆ ఏజెంట్ల రిజిస్టర్లో వెతికింది. నంబరు నిజమే, కానీ ఎవరో వేరే ఆవిడది. ఆవిడకి మెయిల్ పెడితే భీమవరం అనే పేరే వినలేదంది. ఆ రిజిస్టర్ ఆన్‌లైన్లో ఎవరైనా చూడొచ్చు, ఫ్రీ. నంబరు ఉందా అని చూసి వదిలేయకుండా ఆ రిజిస్టర్లో ఉన్న మెయిల్‌కే రాసి అడగండి, ఫలానా ఆఫీసు మీదేనా అని.

మాకన్నా అన్యాయం మా వీధిలో మాస్టారి గారిది. ఆయనకి ముగ్గురు పిల్లలు, ఒకరు రాజమండ్రి, ఒకరు డల్లాస్, చిన్నమ్మాయి సిడ్నీ. 143, 103, 804 ఏదైనా సరే బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ టెస్ట్ అని ఒకటి ఉంటుంది, పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా ఏ ఇతర దేశంలో కన్నా అక్కడ ఎక్కువమంది ఉండాలి. మాకు ఇద్దరిలో ఒకరు కాబట్టి సరిపోద్ది. మాస్టారికి దేశానికొకరు, వాళ్ళు ఫైల్ వేసినా నిలబడదు. ఈ ముక్క మొదటి రోజు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. అయినా ఆయన దగ్గర అడ్వాన్సు లాగేశారు, పాస్‌పోర్టులు కూడా లోపల పెట్టుకున్నారు. మా పాస్‌పోర్టులు గట్టిగా అరిస్తే గానీ ఇవ్వలేదు, ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఏ ఏజెంటు దగ్గరా వదలొద్దు.

నిజంగా 143 వేయాలనుకునేవాళ్ళు ఖర్చు కూడా తెలుసుకుని దిగండి. మొదట కట్టే ఫీజు కాక చివర్లో రెండో విడత అని మనిషికి 43,600 డాలర్లు ఉంది, మన డబ్బుల్లో పాతిక లక్షల దగ్గర, ఇద్దరికీ అరకోటి. మా ఏజెంటు ఈ మాటే ఎత్తలేదు. అక్క ఇప్పుడు 870 చూస్తోంది, అది పీఆర్ కాదు, మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇచ్చే టెంపరరీ పేరెంట్ వీసా, మొత్తం మీద పదేళ్ళు దాకా ఉండొచ్చు, ఉద్యోగం చేయకూడదు, ముందు స్పాన్సర్‌గా పిల్లలు అప్రూవల్ తెచ్చుకోవాలి. బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ టెస్ట్ దీనికి లేదు, మాస్టారికి కూడా అదే చెప్పాం. ఆన్‌లైన్లో ఏ అప్లికేషన్ వేసినా ఇమ్మిఅకౌంట్, అంటే ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో తెరిచే ఖాతా, మాత్రం మీ పిల్లల మెయిల్‌తోనే తెరిపించండి.

మా డబ్బుల్లో లక్షా ఇరవై వేలు వెనక్కి ఇచ్చాడు, మిగతాదానికి వచ్చే వారం అంటున్నాడు, ఆ వారం వస్తూనే ఉంది. స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చాం, జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు కూడా వేస్తున్నాం. అక్కడ చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి, ముందుగా సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. వాడికి ఫోన్‌పేలో సొంత ఖాతాకి పంపినవాళ్ళు ఆ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్లు, ముఖ్యంగా "ఇతరములు" అని రాసిన రసీదులు పారేయకండి. అలాంటి రసీదు మీ దగ్గర కూడా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, మాస్టారూ మేమూ ఇప్పటికే కలిశాం, ఎంతమంది ఉంటే అంత గట్టిగా అడగొచ్చు.