ఒక ఆంప్యూల్ తక్కువైంది: జేమ్స్ స్కాట్ బెల్ ‘కాన్‌ఫ్లిక్ట్ అండ్ సస్పెన్స్’ చదివాక

నా సీరియల్ 12వ భాగం దగ్గర ఆగిపోయింది. ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో సునంద అనే సిస్టర్ నైట్ డ్యూటీ ముగించి, పొద్దుటి షిఫ్టుకి అప్పగించే ముందు మత్తుమందుల అల్మారా తాళం తీసి లెక్క చూస్తుంది. రిజిస్టర్ ప్రకారం మార్ఫిన్ అనే నొప్పి మందు ఆంప్యూళ్లు, అంటే ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్లు, తొమ్మిది ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి. అక్కడ మొదలైన కథ నాలుగైదు భాగాలు బాగానే నడిచింది. ఆ తర్వాత సునంద ఒకరిని అడుగుతుంది, ఇంకొకరిని అనుమానిస్తుంది, వరండాలో అడుగుల చప్పుడు వింటుంది, కరెంటు పోతుంది. నేనూ నర్సునే. మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి ప్రతి భాగమూ చదివేది. 12వది చదివి, టీ గ్లాసు పక్కన పెట్టి, "అక్కా, ఈవిడ వెళ్లి మేట్రన్‌గారికి చెప్పేస్తే అయిపోతుంది కదా. ఎందుకు చెప్పట్లేదు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ కొన్నదే ఈ పుస్తకం, కథలో సంఘర్షణనీ సస్పెన్స్‌నీ ఎలా నిలపాలో నేర్పేది. రైటర్స్ డైజెస్ట్ బుక్స్ వాళ్లు 2012లో వేశారు. ఈ-బుక్కు కొని తెనాలి నుంచి గుంటూరు డ్యూటీకి వెళ్లే రైల్లో ఒకసారి, వచ్చే రైల్లో ఇంకోసారి, మొత్తం రెండుసార్లు చదివాను. కథలు రాసేవాళ్లకి, ముఖ్యంగా వారం వారం భాగాలుగా రాసేవాళ్లకి ఇది పనికొస్తుందా అని అడిగితే నా మాట ఒకటే: కొనండి.

బెల్ లాస్ ఏంజెలెస్ మనిషి. కోర్టులో వాదించిన వకీలు. రాయడం పుట్టుకతో రావాలే తప్ప నేర్చుకుంటే వచ్చేది కాదని ఎవరో చెప్పిన మాట నమ్మి పదేళ్లు పోగొట్టుకున్నానని 2004లో వచ్చిన ‘ప్లాట్ అండ్ స్ట్రక్చర్’లో తనే రాసుకున్నాడు. తర్వాత నేర్చుకుని రాశాడు, రాస్తూనే ఉన్నాడు. కోర్టు సస్పెన్స్ నవలలు, 1900ల తొలినాళ్ల లాస్ ఏంజెలెస్‌లో కిట్ షానన్ అనే లేడీ లాయరు కథలు, మారుపేరుతో జాంబీ లాయరు కథలు, వాటి మధ్యలో రాత పని నేర్పే పుస్తకాలు. అమెరికాలో క్రైస్తవ నవలలకి క్రిస్టీ అవార్డు అని ఒకటుంది. అది మొదలైన 2000లోనే సస్పెన్స్ విభాగంలో ఈయన ‘ఫైనల్ విట్‌నెస్’కి వచ్చింది.

క్రైస్తవ నవలల్లో సస్పెన్స్‌కీ చోటుందన్న ఈ సంగతి నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా నాన్న అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చేవారు. ఆయన చదివి పక్కన పెట్టగానే నేను అందుకునేదాన్ని. ఆదివారం గుడి, సోమవారం యుగంధర్. ఇంట్లో ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. నేను రాయడం మొదలుపెట్టాక మాత్రం మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన, "దేవుని బిడ్డవి, దొంగతనాలూ హత్యలూ రాయడమేంటమ్మా?" అన్నారు. మనసులో పెట్టుకుని అన్న మాట కాదు, నా మీద ప్రేమతోనే అన్నారు. అయినా ఆ మాట నా చేతిని పట్టుకుంది. సునంద కథలో ఎవరికీ నిజంగా కీడు జరగకుండా నేను కాపాడుతూ వచ్చానని ఇప్పుడు తెలుస్తోంది. భయమంతా కరెంటు పోవడంలోనే పెట్టాను.

పుస్తకం రెండు భాగాలు. మొదటిది సంఘర్షణ గురించి, రెండోది సస్పెన్స్ గురించి. మొదటి భాగంలోనే అసలు సరుకుంది. నవల అంటే చావు ఎదురుగా నిలబడితే ఒక మనిషి ఏం చేశాడన్నదే అంటాడు బెల్. వెంటనే ఆ చావు మూడు రకాలని విడదీస్తాడు. ఒంటికి వచ్చే చావు. చేసే పనికి, వృత్తికి వచ్చే చావు. లోపల మనసుకి వచ్చే చావు. ఈ మూడింట్లో కనీసం ఒకటి కథానాయకుడి నెత్తిమీద వేలాడకపోతే పాఠకుడు పేజీ తిప్పాల్సిన అవసరం లేదు.

ఇరవై రెండేళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. మొదటి రకం చావు నాకు రోజూ కనిపించేదే. కానీ రెండో రకం చదివినప్పుడు ఫోను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. మా పనిలో ఒక సంతకం తప్పు పడితే ఏమవుతుందో ప్రతి సిస్టర్‌కీ తెలుసు. మార్ఫిన్ లాంటి మందులు రెండు తాళాల కింద ఉంటాయి. ఎవరికి ఎంత ఇచ్చామో రాయాలి, పక్కన ఇంకొకరు సంతకం పెట్టాలి, వాడేసిన ఖాళీ ఆంప్యూల్ కూడా తిరిగి లెక్క చెప్పాలి. ఒక్కటి తగ్గితే తాళాలు ఎవరి దగ్గరున్నాయి అన్నదే మొదటి ప్రశ్న. ఇంత తెలిసీ నా సునందకి ఆ భయం పెట్టడం మర్చిపోయాను. చీకట్లో అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడేలా చేశాను కానీ, తన పేరు రిజిస్టర్‌లో కనపడగానే చేతులు చల్లబడేలా చేయలేదు.

జూనియర్ అమ్మాయి ప్రశ్నకి సూటి జవాబు బెల్ చెప్పే జిగురులో దొరికింది. ఆయన వాడిన మాట ‘అడ్హీజివ్’. కథానాయకుడు, ఎదుటి శక్తి ఒకరినొకరు వదిలి పోలేనట్టు అతికించే జిగురు. ఏ క్షణంలోనైనా కథానాయకుడు ‘నాకెందుకొచ్చిన గొడవ’ అని ఇంటికి వెళ్లిపోగలిగితే అక్కడితో నవల అయిపోయినట్టే. ప్రాణం మీదికి రావడం జిగురు కావచ్చు, ఉద్యోగ ధర్మం కావచ్చు, తప్పించుకోలేని నైతిక బాధ్యత కావచ్చు, బయటికి దారిలేని చోటు కావచ్చు. సునందకి అవేవీ లేవు. రైలు వేజెండ్ల దాటుతుండగా ఒక మార్పు తట్టింది. ఆ రాత్రి రెండో తాళం ఉండాల్సిన సిస్టర్ ఇంట్లో పిల్లాడికి జ్వరమని గంటన్నర ముందే వెళ్లిపోయింది. సాక్షి సంతకం కోసం ఖాళీగా ఉన్న గడిలో సునందే ఆవిడ పేరు రాసేసింది. స్నేహం కొద్దీ రాసింది. ఇప్పుడు మేట్రన్ దగ్గరికి వెళ్తే ముందు ఆ దొంగ సంతకం బయటపడుతుంది. వెళ్లకపోతే ఆంప్యూల్ తన మెడకి చుట్టుకుంటుంది. ఒక్క గడి మార్చాను, అంతే. 12 భాగాల్లో ఎక్కడా లేని ఊపిరాడనితనం దాంతో వచ్చింది.

రెండో భాగంలో నాకు బాగా నచ్చింది బిగువుని సాగదీయడం గురించి రాసిన చోటు. ప్రమాదం దగ్గరపడగానే మనం తొందరపడి అయిందనిపిస్తాం. బెల్ అక్కడే నెమ్మదించమంటాడు. ఒక్కో కదలిక, ఒక్కో ఆలోచన, ఒక్కో మాట విడివిడిగా చూపించమంటాడు. ఆయన ఉదాహరణలన్నీ అమెరికా నవలలు, సినిమాలు. సగం నేను చదివినవి కావు, చూసినవీ కావు. కాబట్టి నాకు తెలిసిన చోట వెతుక్కున్నాను. బైబిల్లోని ఎస్తేరు గ్రంథం తీసుకోండి. ఎస్తేరు రాణి. ఆమె జనమైన యూదుల్ని చంపించడానికి హామాను అనే మంత్రి ఆజ్ఞ తీయించాడు, వాళ్ల కోసం ఆమె రాజుని వేడుకోవాలి. పిలవకుండా రాజు ముందుకి వెళ్తే మరణశిక్ష. నశిస్తే నశిస్తానని ఎస్తేరు వెళ్లింది. రాజు బంగారు దండం చాచాడు, అర్ధరాజ్యమైనా ఇస్తానన్నాడు. అడిగేయొచ్చు కదా! అడగదు. హామానుని తీసుకుని విందుకి రమ్మంటుంది. విందులో రాజు మళ్లీ అడుగుతాడు. రేపు ఇంకో విందుకి రండి, అప్పుడు చెప్తానంటుంది. ఆ ఒక్క రాత్రిలోనే హామాను, ఎస్తేరుని పెంచిన మొర్దెకై కోసం ఏబది మూరల ఉరికొయ్య చేయిస్తాడు. ఆ రాత్రే రాజుకి నిద్ర పట్టదు. చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో విన్న కథే. రెండో విందు ఎందుకు పెట్టిందని ఒక్కసారీ అడగలేదు నేను. రాసినవాడికి బిగువు ఎలా సాగదీయాలో తెలుసు.

ఇంకో సంగతి. ఎస్తేరు గ్రంథం మొత్తంలో దేవుడి పేరు ఎక్కడా రాదు. మా పెద్దాయన మాటకి నాకు దొరికిన జవాబు అదే. బెల్ నవల ‘ట్రై డైయింగ్’ (2007) చదివాక ఇది ఇంకా స్పష్టమైంది. చెప్పిన పాఠం మాస్టారు తన పనిలో ఎలా వాడాడో చూద్దామని కొన్నాను. మొదటి పేజీలోనే ఒకతను భార్యని కాల్చి, కారులో ఫ్లైఓవర్ మీదికి వెళ్లి తననీ కాల్చుకుంటాడు. శవం కింద రోడ్డు మీద వెళ్తున్న కారు మీద పడి, అందులోని అమ్మాయి చనిపోతుంది. ఆమెని పెళ్లాడాల్సిన లాయరు టై బుకానన్ కథ అది. వార్తాపత్రికలో వచ్చే నాలుగు ముక్కల వార్తలా, ఎక్కడా గొంతు పెంచకుండా రాశాడు. ఆ బుకానన్‌కి దేవుడి మీద నమ్మకం లేదు. తలదాచుకోవడానికి క్యాథలిక్ ఆశ్రమం లాంటి చోట ఒక ట్రైలర్లో చేరతాడు. అక్కడ బాస్కెట్‌బాల్ ఆడే ఒక నన్ను ఉంటుంది. వాళ్లిద్దరూ వాదించుకుంటారు, ఆడతారు, కేసు గురించి మాట్లాడుకుంటారు. ఆమె అతన్ని మార్చేయాలని ప్రసంగం చేయదు. మా ఊళ్లో క్రైస్తవ పుస్తకాల షాపుకి వెళ్తే పాటల పుస్తకాలు, వ్యాఖ్యానాలు, సాక్ష్యాలు దొరుకుతాయి. ఇలాంటి నవల తెలుగులో రాసి ఆ అరల్లో పెట్టేవాళ్లు ఉండాలని నాకు గట్టిగా ఉంది.

భాగం చివర పాఠకుణ్ని ఎలా వేలాడదీయాలో కూడా బెల్ వివరిస్తాడు. వారపత్రికల్లో ‘సశేషం’ చూసి గింజుకున్న తరానికి అది కొత్తేమీ కాదు, త్వరగా దాటేశాను. పొడి అక్షరాల సూత్రాలు కూడా ఆయనకి ఇష్టం. లీడ్ (కథానాయకుడు), ఆబ్జెక్టివ్ (లక్ష్యం), కాన్‌ఫ్రంటేషన్ (ఢీకొనడం), నాకౌట్ (చివరి గట్టి దెబ్బ) అని ‘ప్లాట్ అండ్ స్ట్రక్చర్’లో చెప్పిన నాలుగింటినీ ఇక్కడా ఎత్తుతాడు. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటాయి కానీ ముందు ఆ పాత పుస్తకం చదివితే మరింత ఒంటపడుతుంది. ఇంగ్లీషు గురించి భయపడక్కర్లేదు. వాక్యాలు చిన్నవి, మాట్లాడినట్టే ఉంటాయి. నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు ఇంగ్లీషు మీడియంలో చదివాను, అంతకు మించి రాదు. ఎక్కడో తప్ప డిక్షనరీ తీయలేదు. రోజుకి కాకుండా వారానికి ఇన్ని మాటలని లెక్క పెట్టుకోమని ఆయన చెప్పే పద్ధతి కూడా షిఫ్టుల వాళ్లకి బాగా సరిపోతుంది. నైట్ చేసిన మర్నాడు ఒక్క ముక్క రాయలేను, ఆఫ్ రోజున కలిపి రాసుకుంటాను.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది, అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది ప్రతినాయకుడి గురించి చెప్పిన మాట. ఎదుటివాడు తను చేసేది సరైనదే అని నమ్మాలంటాడు బెల్. వాడి తరఫున వాడే వాదించుకోగలగాలి. వకీలు బుద్ధి కదా, రెండో పక్షం కూడా వింటాడు. నా కథలో ఆంప్యూల్ తీసింది వార్డుబాయ్ ఏసుబాబు. మత్తుకి అలవాటుపడి తీశాడని ముందే అనుకుని పెట్టుకున్నాను. ఈ అధ్యాయం చదివాక కాగితం తీసి, ఏసుబాబు సొంత గొంతుతో రెండు పేజీలు రాశాను. అవి ప్రచురించడానికి కావు, నా కోసమే. వాళ్లమ్మకి క్యాన్సర్. ఇంట్లో పడుకోబెట్టారు. రాత్రంతా మూలుగుతుంది. 2014లో మన దేశంలో మత్తుమందుల చట్టం సవరించి మార్ఫిన్ లాంటి మందులు నొప్పితో బాధపడేవాళ్లకి సులువుగా అందాలన్నారు. ఊళ్లో మాత్రం ఎక్కడ అడగాలో, ఎవరు రాస్తారో ఏసుబాబుకి తెలియదు. అతనికి తెలిసిన మార్ఫిన్ ఒక్కటే, సునంద సిస్టర్ అల్మారాలో ఉన్నది. ఇలాంటి మూలుగు నేను ఇళ్లల్లో విన్నాను. ఆ రెండు పేజీలు రాస్తుంటే ఏడుపొచ్చింది.

13 నుంచి 20 దాకా మళ్లీ రాశాను. 20వ భాగంలో సునంద ఏసుబాబు ఇంటి గుమ్మం దాకా వెళ్తుంది. లోపల ముసలమ్మ మూలుగు వినపడుతుంది. సునంద చెప్పులు విప్పదు, తలుపు కొట్టదు. అక్కడే నిలబడి ఆ మూలుగుల మధ్య ఎంతసేపు ఖాళీ ఉందో నర్సు అలవాటు కొద్దీ లెక్కపెడుతుంది. ఆ నిలబడడం ఒక్కటే రెండు పేజీలు సాగదీశాను. ముందైతే నాలుగు లైన్లలో తలుపు తెరిపించేసేదాన్ని.

మొన్న టీ టైములో ఆ అమ్మాయి చదివింది. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, ఏసుబాబు దొరక్కూడదు. కానీ సునంద ఉద్యోగం పోకూడదు. ఎలాగక్కా?" అంది.

21వ భాగం ఇంకా రాయలేదు.