పైన అడుగు ఏటి ఇసుక, కింద క్రషర్ డస్ట్: తిరుపతిలో తోటపనికి ఇసుక కొనేవాళ్లు జాగ్రత్త

మమ్మల్ని ముంచింది బైపాస్ దగ్గర ఇసుక, కంకర అమ్మే ఆయన. పేరు రాయను. ఫోనెత్తగానే "చెప్పండి సామీ" అంటాడే, ఆయన. తిరుపతిలో అందరూ అట్లే అంటారనుకోండి, ఈయన మాత్రం డబ్బులు పడేదాకానే అంటాడు.

ఆర్డరు రెండు యూనిట్లు, యూనిట్ అంటే నూరు ఘనపుటడుగులు. లెక్క ఇదీ. పార్కింగ్ 20×15 అడుగులు, పేవర్ల (నేల మీద పరిచే బ్లాకుల) కింద 40 మిల్లీమీటర్ల పరుపుకి, వేస్టు కలుపుకుని 50 ఘనపుటడుగులు. లాన్ 600 చదరపుటడుగులు, అరడుగు మందాన మట్టి మిశ్రమం, అందులో నాలుగో వంతు ఇసుక, అంటే 75. పిల్లలు ఆడుకునే ఇసుక గుంట 6×6, అడుగు లోతు, ఇంకో 36. మొత్తం 161. తడి ఇసుక పొంగి ఉంటుంది కాబట్టి 200 చెప్పడం. దొడ్డు ఏటి ఇసుక, కడిగినట్టు శుభ్రంగా ఉండాలి, డస్ట్ (క్రషర్‌లో కంకర కొట్టగా మిగిలే రాతిపొడి) కలవకూడదు అని మూడుసార్లు చెప్పినాము. వాట్సాప్‌లో ఫోటో పంపాడు. బంగారు రంగు ఇసుక, చూస్తే స్వర్ణముఖి అనే పేరు ఎందుకొచ్చిందో తెలిసేట్టుంది. డబ్బులు ముందే ఫోన్‌పే చేసేశాం. ఇక్కడే తప్పు మాది. ఊరందరికీ "చూసి కొనండి" అని చెప్పే మనిషి ఫోటో చూసి కొన్నాడు.

బండి వచ్చింది రాత్రి తొమ్మిదిన్నరకి. పైన ఎక్కి చూస్తే ఫోటోలో ఉన్న ఇసుకే. పార పెట్టి లోపల తవ్వి చూద్దామనేలోగా డ్రైవర్ జాకీ ఎత్తేశాడు. గేటు తెరుచుకుంది, ఇసుక జారడం మొదలైంది. దొడ్డు ఇసుక జారితే సర్రుమని ఒక శబ్దం వస్తుంది, కాస్త ఆరిన బియ్యం ఒంపినట్టు. సగం జారాక ఆ శబ్దం ఆగిపోయింది. దబ్ దబ్ మని ముద్దలు పడుతున్నాయి. ఫోన్ లైట్ వేసి చూస్తే బూడిద రంగు. చేత్తో పిసికితే పిండిలా అంటుకుంది, వేళ్ల సందుల్లో సిమెంటు పాలలాంటి మురికి. అచ్చమైన క్రషర్ డస్ట్. ఆపమంటే డ్రైవర్ "ఓనర్నడగండి" అన్నాడు.

ఓనర్ని అడిగాం. అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "మీరు పైన చూసినారు, పైన ఇసకే ఉండాది గదా. కింద ఏముండాదని మీరు అడగలేదు గదా."

ఇంకోసారి చదవండి. కింద ఏముందో అడగాలంట. రేపటి నుంచి ఇడ్లీ తెచ్చుకున్నా లోపల ఏముందని అడిగే తినాలి. "సామీ" కూడా మాయమైపోయింది, గమనించారా?

తర్వాత ఇంకో ముక్క కూడా అన్నాడు. "ఎం-శాండ్ అయితే ఏమి, డస్ట్ అయితే ఏమి, అంతా రాయే. ఐఎస్‌ఐలోనే ఒప్పుకున్నారు." సగం నిజం పట్టుకుని ఇట్లా మాట్లాడేవాళ్లే ఎక్కువ ప్రమాదం. ఇసుక, కంకరకి ఉన్న ప్రమాణం ఐఎస్ 383లో 75 మైక్రాన్లకన్నా సన్నటి పొడి సహజమైన ఇసుకలో బరువుకి 3 శాతం మించకూడదని ఉంది, రాయి పిండిచేసి తీసిన ఇసుకకి 15 శాతం దాకా ఒప్పుకున్నారు. కానీ అది కాంక్రీటు కోసం రాసింది. కాంక్రీటులో సిమెంటు ఉంటుంది, ఆ పొడిని పట్టుకుంటుంది. పేవర్ల కింద పట్టుకునేదెవరు? పైగా ఎం-శాండ్ అంటే ఇసుక కోసమనే మిషన్‌లో గింజ ఆకారం సరిచేసి, పొడి తీసేసి చేసేది. డస్ట్ అంటే కంకర కొట్టగా అడుగున మిగిలిన పొడి. కడిగిన దొడ్డు ఎం-శాండ్ పేవర్ల కింద భేషుగ్గా పనికొస్తుంది. డస్ట్ పనికిరాదు.

"మన ఊర్లో అందరూ డస్ట్ మీదే పరుస్తారు గదా" అని మేస్త్రీలు అంటారు. పరుస్తారు, నిజమే. ఏప్రిల్లో పరుస్తారు, మే నెలలో బిల్లు తీసుకుంటారు. డస్ట్ ఎండలో గట్టిగా, చదునుగా, ముచ్చటగా ఉంటుంది. మనకు అసలు వాన వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎట్లా మునిగాయో మరిచిపోలేదు కదా. సందుల్లోంచి దిగిన నీళ్లు దొడ్డు ఇసుకలోంచైతే కిందికి పోతాయి. డస్ట్ నీళ్లను పట్టుకుని గంజి అయిపోతుంది. దాని మీద కారు టైరు ఎక్కిన ప్రతిసారీ ఆ గంజి సందుల్లోంచి పైకి చిమ్ముతుంది, కింద అంత ఖాళీ అవుతుంది. రెండు మూడు వానలకి టైర్లు నడిచే చోట రెండు గాడులు పడతాయి. అప్పుడు మేస్త్రీ వచ్చి "బ్లాకు క్వాలిటీ లేదు సార్" అంటాడు.

సరిగ్గా చేయాలంటే కింద కంకర బేస్ బాగా రోలర్ కొట్టాలి. దానిమీద 4.75 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన దొడ్డు ఇసుక, కాస్త తేమగా, 40 మిల్లీమీటర్ల మందాన రెండు పైపుల మీద పట్టెతో లాగి వదిలేయాలి. ఇసుకని ముందే దిమ్మిస కొట్టకూడదు. పేవర్లు పేర్చాక పైనుంచి ప్లేట్ వైబ్రేటర్ ఆడిస్తే అదే 30కి దిగుతుంది. సందుల్లోకి మాత్రం వేరే ఇసుక: సన్నది, ఎండబెట్టి 2.36 జల్లెడ పట్టింది, చీపురుతో ఊడ్చి నింపాలి. దొడ్డు ఇసుక సందుల్లో దిగదు, సన్నది కింద పరిస్తే నిలవదు.

లాన్ సంగతి ఇంకా ఘోరం. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, మాగిన పశువుల ఎరువు ఒకటి కలుపుతాం కదా. ఇసుక బదులు డస్ట్ పడితే దాని పొడి మట్టి గుల్లల్లో దూరి, నీళ్లు పోసి ఎండే కొద్దీ గచ్చులాగా బిగుసుకుంటుంది. గడ్డి వేరు దిగదు, పైన నీళ్లు నిలుస్తాయి, మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతుంది. మనం ఏదో తెగులనుకుని మందు కొడతాం. ఇక ఇసుక గుంట. గింజ గుండ్రంగా ఉండాల్సిన చోట పలుకుల రాతిపొడి. ఎండితే లేచే ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. ఇది పిల్లల కోసమని చెప్పాక కూడా పంపాడంటే ఇంక ఏమనాలి.

కొలత కూడా చూడండి. ఖాళీ బాడీకి టేపు పెడితే 10 అడుగులు, ఆరున్నర, రెండున్నర. అంటే 162, వాడు చెప్పిన 200 కాదు. అచ్చంగా ఇసుకే అయినా తడి మీద పావు వంతు పొంగి ఉందనుకుంటే పొడి లెక్కన 130. యూనిట్‌కి నూరు అడుగులని చెప్పి అరవై ఐదు ఇచ్చినట్టు. అందులోనూ సగంకన్నా ఎక్కువ డస్టే.

2024 జులై 8 నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితం, కట్టేది తవ్వి నింపే కూలి, బండి బాడుగ. ఆ లెక్కన మేము రాతిపొడికి ఊరు చూపించడానికి బండి మాట్లాడి పంపినట్టయింది.

చెప్పాల్సినవి చెప్తాను, తొందరగా. పగలు తప్ప లోడు దించుకోవద్దు. జాకీ ఎత్తకముందే పారతో మూడు చోట్ల మోచేతి లోతు తవ్వి చూడండి, బాడీ గేటు దగ్గర తప్పకుండా. డబ్బు అది చూశాకే. ఘనపుటడుగుల్లో కాకుండా కాటా చీటీ మీద బరువుకి కొనండి: తడి ఇసుక కొలతలో పావు వంతు మోసం చేస్తుంది, బరువులో అయిదారు శాతమే. ఒక యూనిట్ పొడి ఇసుక నాలుగున్నర టన్నులు ఉండాలి. ఇంట్లో అర లీటరు బాటిల్‌లో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు, చెంచాడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకండి. ఇసుక మీద బురద పొర తేరుతుంది. ఏడు సెంటీమీటర్ల ఇసుకకి అర సెంటీమీటరు దాటితే వెనక్కి పంపండి. మాకు వచ్చినదానికి ఒకటిన్నర తేరింది.

సముద్రం వైపు నుంచి తెచ్చిన ఇసుక ఇంకా చవగ్గా ఇస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. రవ్వంత నాలుక మీద వేసుకోండి, ఉప్పగా ఉంటే లాన్ దరిదాపులకి రానివ్వొద్దు.

ఆ డస్ట్ కుప్ప ఇప్పుడు గేటు పక్కనే ఉంది. పునాది గుంతలు పూడ్చుకునేవాళ్లెవరన్నా ఉంటే గంప, పార తెచ్చుకోండి. పైన ఉన్న ఇసుక తీసేసుకున్నాం. కింద ఏముందని అడగకండి, చెప్పేశాను.